ఆరు సీసాల నీళ్లు

ఉదయం పదింటికి తెలిసింది, బోరు నీళ్లలోంచి విషం మాయమైందని.

నిన్న పంపినవి ఆరు సీసాలు. మూత తీస్తే తల తిరిగే కంపు. ల్యాబ్ రిపోర్టులో మాత్రం ఫ్యాక్టరీ వదిలే సాల్వెంట్ రసాయనం జాడే లేదు. రెండింటికి విచారణ. రుజువు లేకపోతే ఫ్యాక్టరీ మీద కేసు కొట్టేస్తారు. వీధి ఆడవాళ్లకి మళ్లీ అవే నీళ్లు.

"సీసాలు మార్చేశారు ఎస్సైగారూ," అంది లీడరమ్మ. వీధినంతా కూడగట్టింది ఆవిడే. ఆవిడకి మూడు గర్భాలు నిలవలేదు. ఇప్పుడు మళ్లీ నాలుగో నెల.

ఎస్సై నోట్‌బుక్ తీసింది. తనూ ఆడపిల్ల తల్లే.

"ఎన్నింటికి నింపారు?"

"నిన్న పొద్దున ఏడింటికి."

"ల్యాబ్‌కి?"

"తొమ్మిదింటికి వచ్చి, సీలు వేసి తీసుకెళ్లారు."

"ఆ రెండు గంటలూ?"

"మా వంటింట్లో. ఇదిగో, అమ్మే కాపలా. ఈగని కూడా వాలనివ్వదు."

ఎస్సై సీసాలు తెప్పించింది. సీళ్లు సరిగ్గానే ఉన్నాయి.

"ఈ సంతకాలు?"

"నావే."

అంటే సీలు వేశాక ఎవరూ మార్చలేదు. ఒక సీసా బల్ల మీద పెట్టింది. ఊగింది. అడుగు ముడుచుకుపోయింది. ఆరూ అంతే.

"మరిగే నీళ్లు పోస్తేనే ప్లాస్టిక్ ఇలా అవుతుంది. పెద్దమ్మా, కాచారా?"

లీడరమ్మ తల్లి కొంగు నోట్లో కుక్కుకుంది.

"సీసాలిచ్చిన ల్యాబ్ పిల్ల నిండు చూలాలమ్మా. ఆ నీళ్లు ముట్టుకుంటే దాని గతేంటని... నా కూతురు పడింది చాలదా? కాస్తే విషం కొంత విరుగుతుందిలే, మిగిలింది పరీక్షకి దొరుకుతుందిలే అనుకున్నా."

"విషం మొత్తం ఆవిరైపోయింది. కిటికీ తీశారా?"

"ఎవరైనా చూస్తారని మూశాను."

"ఇంట్లో ఇంకెవరున్నారు?"

ముసలామె కళ్లు కూతురి కడుపు మీద ఆగిపోయాయి. నిన్న నీళ్లు మోసి అలిసిపోయి, ఆ ఆవిరిలోనే వంటింటి గడప పక్కన నిద్రపోయింది ఆ కూతురే.

లీడరమ్మ రెండు చేతులూ కడుపు మీద పెట్టుకుంది.

"టైమెంత?"

"పదకొండున్నర. ముందు ఆస్పత్రికి పద."

"ముందు బోరు దగ్గరికి. వీధిలో ఇంకో ఐదుగురు కడుపుతో ఉన్నారు. రెండింటి విచారణలో, కొత్త రిపోర్టు వచ్చేదాకా వాయిదా అడుగుతా. తర్వాత ఆస్పత్రి."

కొత్త సీసాలు తల్లికి అందించింది. ఆమె వెనక్కి జరిగింది.

"వద్దే. నా చేతులు మంచివి కావు."

"నువ్వే పట్టుకో అమ్మా. ఈసారి నేను ఆ నీళ్లకి దూరంగా ఉంటా."