నడికట్టు

తెల్లవారితే చాలు, కేసముద్రం మార్కెట్ యార్డు దారిలో లారీల మోత. పత్తి సీజను మొదలైందంటే ఆ రోడ్డు మీద ఇళ్ళవాళ్ళకు కోడి కూత కూడా వినబడదు. కానీ ఆ పొద్దు శకుంతలకు లారీలు వినబడలేదు. ఆమె చెవులు రెండూ పైకప్పుకే అతుక్కుని ఉన్నాయి. పైగదిలో ఘల్లుమంది. ఆగి, మళ్ళీ ఘల్లుమంది. ఆ వరస పట్టుకుని పొయ్యి ముందు శకుంతల భుజాలు వాటంతటవే ఊగాయి. పాలు పొంగి గట్టంతా పారాయి.

"శకుంతలా, పాలు," హాల్లో మంచం మీంచి అత్త వెంకటనర్సమ్మ కేక వేసింది. ఎనభై దగ్గరపడి మోకాళ్ళు మొరాయించాయి గానీ, ఆమె ముక్కు మాత్రం ఇల్లంతా తిరిగి వస్తుంది.

"చూస్తున్న అత్తమ్మా."

"ఏం చూస్తున్నవో. మాడు వాసన ఈడిదాక వచ్చింది. నీ పానమంత మీది గదికే పాయె, పో, పోయి ఎగురు."

శకుంతలకు అంతకంటే ఏం కావాలి. పొయ్యి ఆర్పి, కొంగు దోపి, జావ గిన్నె ఒకటి సాకుగా చేతబట్టుకుని మెట్లెక్కింది. కొన్నేళ్ళుగా పొట్ట మీద చెయ్యి అదిమిపెట్టుకుని, వంగి, మెట్టుకొకసారి ఆగి ఎక్కే మనిషి. ఈమధ్య ఆగడం మర్చిపోతోంది.

కూతురు రుచిత హైదరాబాద్‌లో యోగా నేర్పేది. అక్కడే ఒక టీచరమ్మ దగ్గర బెల్లీ డ్యాన్స్ నేర్చుకుంది. రెండూ కలిపి మన ఊళ్ళ ఆడవాళ్ళకే చెప్తానని వానాకాలం మొదట్లో పెట్టె సర్దుకుని వచ్చేసింది. విత్తనాల బస్తాలు పడేసుకునే పైగదిని ఖాళీ చేయించి, కడిగి, చాపలు పరిచింది. తండ్రి రామ్మోహన్‌కు మాత్రం యోగా అని చెప్పింది. అది అబద్ధం కాదు, సగం నిజం. మిగతా సగం ఎప్పుడో ఒకప్పుడు బయటపడేదే.

మొదట బ్యాంకులో పనిచేసే శృతి ఒక్కతే వచ్చింది, కాన్పు తర్వాత పట్టుకున్న నడుము నొప్పితో. తర్వాత తండా నుంచి వచ్చి కిరాణం నడుపుకునే రామి వచ్చింది. భర్త పోయిన దగ్గర్నుంచి ఆమెకు కంటి మీద కునుకు లేదు. వచ్చిన వారానికే రామి, "గజ్జెలు లేకుండ ఆటేంది అక్కా," అని పాత చున్నీలకు పూసలూ గజ్జెలూ కుట్టి అందరి నడుములకూ కట్టింది. ఇక చూడాలి సందడి. ఊళ్ళో కొందరు దాన్ని బొడ్డు డ్యాన్స్ అని నవ్వారు. నవ్విన వాళ్ళలో సగం మంది పెళ్ళాలు చాప చుట్టుకుని ఇక్కడే తేలారు.

"ముందు శ్వాస," అంటోంది రుచిత. "కండ్లు మూసుకోండ్రి. బొడ్డు కింద చెయ్యి పెట్టుకోండ్రి. ఎన్ని మోసిందో, ఎన్ని భరించిందో దానికే ఎరుక. ఒక్కసారన్న మెచ్చుకోండ్రి."

శకుంతల చెయ్యి పెట్టుకుంది. ఆ మాట విన్నప్పుడల్లా ఆమెకు కళ్ళల్లో నీళ్ళు తిరుగుతాయి. గర్భసంచి తీసేసిన రోజు నుంచీ అక్కడ ఏమీ లేదనే అనుకుంటూ బతికింది మరి. ఏమీ లేని చోటును మెచ్చుకోవచ్చని ఎవరూ చెప్పలేదు.

తర్వాత పాట మొదలైంది. నడుముతో గాలిలో ఎనిమిది అంకె రాయాలి. శృతి రాసింది, రామి అయితే నవ్వుతూ నవ్వుతూ పది ఎనిమిదులు రాసింది. శకుంతల భుజాలు తిరిగాయి, చేతులు తిరిగాయి, వెన్ను చక్కగా నిలబడింది. నడుము మాత్రం మెదల్లేదు.

"అమ్మా, నీ నడుముకు ఎవరో గొళ్ళెం పెట్టినట్టున్నది," అని నవ్వింది రుచిత.

శకుంతల కూడా నవ్వింది. ఆ గొళ్ళెం సంగతి ఆమెకు తెలుసు. చెప్పుకునే సంగతి కాదు.

వాళ్ళింట్లో ఒక పద్ధతి ఉంది. కాన్పు అయిన కోడలి పొట్ట చుట్టూ పాత చీర చింపి అత్త నడికట్టు కడుతుంది. స్నానం చేసినప్పుడల్లా విప్పి, మళ్ళీ కట్టుకోవాలి. ఒక మంచి రోజు చూసి, వేపాకు నీళ్ళు పోయించి, అత్తే తన చేత్తో విప్పి "ఇగ చాలు బిడ్డా" అనాలి. ఆ మాట వచ్చేదాకా కట్టుకోవడం మానకూడదు. రుచిత పుట్టినప్పుడు అలాగే జరిగింది. ఎనిమిదేళ్ళ కింద వరంగల్ దవాఖానలో ఆపరేషన్ అయి ఇంటికొస్తే వెంకటనర్సమ్మ అలాగే కట్టింది. ఆ వారంలోనే మామ రాజయ్యకు పక్షవాతం వచ్చి మంచాన పడ్డాడు. ఇల్లంతా ఆయన మంచం చుట్టూ తిరిగింది. ఇగ చాలు అన్న మాట ఎవరూ అనలేదు.

ఒకసారి శకుంతల స్నానమయ్యాక తానే కట్టుకోకుండా ఉండి చూసింది. లోపలిదంతా జారి కిందపడుతుందన్నంత భయం వేసింది. మళ్ళీ బిగించి కట్టుకుంది. అత్త అనలేదంటే ఇంకా అవసరమేనేమో అనుకుంది. ఆ భయమే అలవాటైంది. పాత గుడ్డ చీకిపోతే కొత్త గుడ్డ చింపింది. అప్పుడు హాస్టల్లో ఉన్న రుచితకు ఇవేమీ తెలియవు.

పది గంటలకు, అందరూ వెళ్ళాక, రామ్మోహన్ ఇంటికొచ్చాడు. సీజన్లో యార్డులోని పత్తి అడ్తి దుకాణం వదిలి ఆ వేళకు ఆయన ఇంటికి రావడమంటే ఏదో మునిగిందన్నట్టే. చెప్పులు కూడా విప్పలేదు.

"రుచితా, ఇట్ల రా. గిదేనా నీ యోగా?"

ఫోన్ కూతురి ముఖం ముందు పెట్టాడు. నిన్నటి క్లాసు వీడియో. పక్క డాబా మీంచి కిటికీలోకి ఎవరో తీశారు. ముఖాలు లేవు, వీపులూ నడుములూ గజ్జెలూ.

"యోగానే బాపూ. డ్యాన్స్ గూడ. రెండు కలిస్తెనే ఒళ్ళు మన మాట ఇంటది."

"యార్డంత తిరుగుతున్నది గిది. రామ్మోహనన్నా, నీ ఇంటిమీది రికార్డింగ్ డ్యాన్స్‌కు టికెట్ ఎంత అని అడుగుతున్నరు. రేపోమాపో మార్కెట్ కమిటీ పదవి వస్తదనుకుంటున్న టైంల ఇదా?"

"దొంగతనంగ కిటికీలకెళ్ళి ఫోన్ పెట్టినోన్ని అడగవేంది? వానికి లేని సిగ్గు మాకెందుకు?"

"నీకు లేకుంటె లేదు, వచ్చెటోళ్ళకన్న ఉండాలె గద. గీ ముందల ఆకుపచ్చ చీరామెను చూడు, పెద్ద మనిషి. ఎవరింటిదో గని, మొగడు లేడా, అడిగెటోడు లేడా?"

వంటింటి గుమ్మంలో నిలబడి శకుంతల ఆ మాట వింది. ఊరుకుంటే ఊరుకోవచ్చు. ఆయన పోల్చలేదు. కానీ ఆ చీర పోయిన దసరాకు ఆయన తెచ్చినదే, ఇంకా పెరట్లో దండెం మీద ఆరుతోంది.

"ఉన్నడు," అంది. "మీరే."

రామ్మోహన్ ఆమెను చూశాడు, ఫోన్ చూశాడు, కిటికీలోంచి దండెం చూశాడు. ఎర్రబడ్డ ముఖం కాస్తా పాలిపోయింది.

"నువ్వా? నువ్వు... గిట్ల నిలబడవు గద."

"గిట్ల సక్కగ నిలబడి ఎనిమిదేండ్లాయె. వంగి నడిస్తె ఎందుకని ఒక్కనాడు అడగలే. ఇయ్యాల లేచి నిలబడితె అడుగుతున్నరు."

మాట తోచని మగవాడి నోటికి దొరికేది కోపమే కదా. "అవన్ని నాకు తెల్వదు. రేపటికెళ్ళి బంద్. తాళం ఇయ్యి."

రుచిత కళ్ళు తుడుచుకుని తాళంచెవి తీసింది. "ఇస్త బాపూ. నేను గూడ హైదరాబాద్ పోత."

ఆ తాళంచెవి తండ్రి చేతిదాకా పోలేదు. మధ్యలో శకుంతల అందుకుని కొంగున ముడేసుకుంది. ఆ ఇంట్లో ఆమె భర్త మాటకు అడ్డుపడటం అదే మొదలు. ఆమెకు లోపల పండగలా ఉంది.

"ఇది నా కొంగున ఉంటది. ఆమె యాడికి పోదు."

"అవ్వా, నువ్వన్న చెప్పు," అని తల్లి వైపు తిరిగాడు రామ్మోహన్.

వెంకటనర్సమ్మ కొడుకును కాదని కోడలి వైపు తిరిగింది. "శకుంతలా, జర ఇట్ల రా," అంది. ఈ ఇంట్లో ఆఖరి మాట ఆమెదే. దగ్గరికి వెళ్ళగానే ముసలావిడ లేచి కూర్చోవడానికి కోడలి నడుము పట్టుకుంది. వేళ్ళకు గట్టి ముడి తగిలింది.

"గిదేంది?"

"నడికట్టు అత్తమ్మా."

"ఎవలు కట్టిండ్రు?"

"నువ్వే. ఆపరేషనై ఇంటికొచ్చిన్నాడు," అంది శకుంతల. "నువ్వు ఇగ చాలు అనలే."

వెంకటనర్సమ్మ ఆ ముడిని మళ్ళీ తడిమి చూసింది. తర్వాత ఆ ముడతల ముఖం మీద కన్నీళ్ళు జారాయి. ఆమె ఏడవగా ఆ ఇంట్లో రాజయ్య పోయిన రోజు తర్వాత ఎవరూ చూడలేదు.

"ఆ మనిషి మంచాన పడ్డంక నా యాదంత ఆయన మీదికే పాయె. నిన్ను కట్టి మర్చిపోయిన బిడ్డా. ఇన్నేండ్లు ఇది కట్టుకోనే వండిపెట్టినవా, ఇది కట్టుకోనే నా ఒళ్ళు కడిగినవా? ఒక్కసారి అడగకపోయినవా?"

"నువ్వే అంటవనుకున్న."

రుచిత నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. గొళ్ళెం అని తాను నవ్విన నవ్వు గుర్తొచ్చి పరుగున వచ్చి తల్లిని చుట్టేసుకుంది. "నీళ్ళు పెట్టు పిల్లా," అంది వెంకటనర్సమ్మ. "వేపాకు ఏసి పెట్టు. ఏడ్సుకుంట కూసుంటె ఎట్ల."

లోపలి గదిలో తలుపేసుకుని ముసలి వేళ్ళు ఆ ముడితో చాలాసేపు కుస్తీ పట్టాయి. గుడ్డ ఒక్కొక్క చుట్టే విడిపోయింది. "ఇగ చాలు బిడ్డా," అంది అత్త. శకుంతల కళ్ళు మూసుకుని గాలి పీల్చింది. గాలి పొట్ట అడుగుదాకా పోయింది. ఏదీ జారిపడలేదు. ఆమెకు నవ్వూ ఏడుపూ ఒకేసారి వచ్చాయి.

తలుపు అవతల రామ్మోహన్ అన్నీ విన్నాడు. అప్పటికి ఆయన ఫోన్ మూడోసారి మోగుతోంది. ఈసారి ఎత్తాడు. అవతల దేవ్‌సింగ్, యార్డులో టికెట్ ఎంతని నవ్వినవాళ్ళలో ఒకడు.

"ఆ, చూసిన. ఆకుపచ్చ చీరనా? మా ఇంటామె." దండెం మీది చీర వైపు మరోసారి చూశాడు. "టికెట్ లేదు దేవ్‌సింగ్. మీ ఇంటామెను గూడ తోలు. పదవి సంగతా? వస్తె వస్తది, పోతె పోతది." ఫోన్ జేబులో పెట్టి, అప్పుడు గుర్తొచ్చి చెప్పులు విప్పాడు. గుమ్మంలోకొచ్చిన భార్య ముఖం చూడలేక నేల చూస్తూ, "కిటికీకి పరద కొట్టిస్త," అన్నాడు. "మీకోసం కాదు. ఆ ఫోన్ పట్టినోని కోసం."

"సగానికే కొట్టియ్యుండ్రి," అంది శకుంతల. "మాకు గాలి రావాలె."

మర్నాడు పొద్దున వెంకటనర్సమ్మను కుర్చీలో కూర్చోబెట్టి కొడుకూ మనవరాలూ పైకి మోశారు. దారి పొడుగునా ఆమె వాళ్ళను తిడుతూనే ఉంది, మెట్లు ఎక్కువయ్యాయని. పైన చాపలు చాలలేదు. పాట మొదలైంది. శకుంతల మధ్యలో నిలబడి, కాసేపు భయపడి, తర్వాత భయం మర్చిపోయి, గాలిలో ఎనిమిది రాసింది. మొదటిది వంకరగా వచ్చింది. రెండోది గుండ్రంగా తిరిగింది, గజ్జెలన్నీ ఒక్కసారి ఘల్లుమన్నాయి, రామి ఈల వేసింది. కింద పాలకు కాపలా ఉన్న రామ్మోహన్ తలెత్తి పైకప్పు చూశాడు. పాలు గట్టంతా పారాయి.

పాట ఆగాక వెంకటనర్సమ్మ కోడలిని వేలితో పిలిచింది.

"నాకు గూడ ఒకటి కట్టు. కూసోనే ఊపుత."

శకుంతల తన గజ్జెల చున్నీ విప్పి అత్త నడుముకు చుట్టింది. ముడి వేస్తున్న ఆ చేతిని ముసలావిడ పట్టుకుని ఆపింది. కళ్ళు తళతళలాడుతున్నాయి.

"కట్టుడు మంచిదే. విప్పుడు మాత్రం మర్చిపోకు బిడ్డా."