పన్నెండు పారాచూట్లు

పరీక్షకు పై నుంచి వదిలిన ఇసుక బస్తా నేలకు తగిలి పగిలింది. దాని వెనకాలే పట్టు పారాచూట్ పాతగుడ్డలా చిరిగి వచ్చి పడింది.

ఏజెంట్ మునిరాజు వాచీ చూసుకున్నాడు. ఉదయం తొమ్మిదీ ఇరవై. బెంగళూరు శివారులోని ఈ ఏరోడ్రోమ్ నుంచి పదకొండింటికి డకోటా విమానం లేస్తుంది. అందులో పన్నెండు మంది. రాత్రికి బర్మా అడవిలో, జపాన్ సైన్యం వెనకాల దూకాల్సినవాళ్లు. వాళ్లలో ఒకడు మునిరాజు తమ్ముడు చెన్నరాయప్ప.

"విమానం ఆపండి సార్," అన్నాడు మునిరాజు ఫోన్‌లో.

"కుదరదు," అన్నాడు గూఢచారి శాఖ చీఫ్. "అడవిలో మనవాళ్లు ఈ ఒక్క రాత్రే మంట వెలిగిస్తారు. రేపు వెళితే వాళ్ల శవాలే దొరుకుతాయి. స్పేర్ పారాచూట్లు ఎన్ని?"

"ఆరు. ఇంకా కుట్టు షెడ్డులోనే ఉన్నాయి. మిగతా పన్నెండింటిలో ఎన్ని చెడిపోయాయో కంటికి తెలియడం లేదు."

"చెడగొట్టినవాణ్ణి పట్టుకో. ఏవి చెడ్డవో కక్కించు."

ఏరోడ్రోమ్ పక్కనే పారాచూట్లు నేసి కుట్టే షెడ్డు. మూడు వారాలుగా మునిరాజు అక్కడ మారువేషంలో ఉన్నాడు. కళ్లద్దాలు, మాసిన కోటు, చేతిలో సుద్దముక్క. కార్మికులకు యుద్ధం గురించి పాఠం చెప్పే ప్రచార మేష్టరు. బోర్డు మీద ఇంకా మూడు మాటలున్నాయి: మిత్రరాజ్యాలు, అక్షరాజ్యాలు, ఐదో దళం.

"మిత్రులంటే ఒకర్నొకరు నమ్మేటోళ్లా మేష్ట్రూ?" అని మొన్న అడిగింది కుట్టుపని పెద్ద నంజమ్మ.

"కాదమ్మా. శత్రువు ఒకడే అయినవాళ్లు."

"అట్లయితే మా అత్తా నేనూ మిత్రరాజ్యాలే. ఇద్దరికీ మా ఆయనే శత్రువు."

"మరి ఐదో దళం?" అని ఇంకెవరో అడిగారు.

"మన మధ్యే తిరుగుతూ, మనతోనే నవ్వుతూ, వెనక నుంచి పొడిచేవాళ్లు."

ఇవాళ ఎవరూ నవ్వడం లేదు. షెడ్డు అధికారి కెప్టెన్ హార్పర్ రివాల్వర్ తీసి ముప్పై మంది కార్మికుల్నీ గోడవారగా నిలబెట్టాడు.

"పదకొండింటిలోపు పేరు బయటికి రాకపోతే అందర్నీ జైల్లో తోస్తాను. దొంగ కుక్కల్లారా."

"ఏం మాటలప్పా అవి," అంది నంజమ్మ. "నేసినోళ్లం మేమే చింపుకుంటామా?"

కెప్టెన్ స్టెనో మిస్ స్టెల్లా మునిరాజు పక్కకు జరిగింది. బాబ్ చేసిన జుట్టు, ఎర్రటి లిప్‌స్టిక్, హైహీల్స్. జపాన్ వాళ్ల మనిషిగా నటిస్తూ వాళ్ల రహస్యాలు చీఫ్‌కు చేరవేసే డబుల్ ఏజెంట్. పుట్టింది సింగపూర్‌లోనట, మగ్గం ఎలా ఉంటుందో ఇక్కడికొచ్చాకే చూసిందట.

"వాన పడేట్టుంది," అంది ఇంగ్లీషులో. కోడ్.

"గొడుగు తెచ్చుకున్నాను."

పౌడర్ డబ్బా అద్దంలో ముఖం చూసుకుంటూ గుసగుసలాడింది. "నేతగాణ్ణని అబద్ధం చెప్పి చేరినవాడు ఒకడున్నాడు. వాడే."

మునిరాజుకు అది చాలు. అతను పుట్టింది దొడ్డబళ్ళాపురం నేత ఇంట్లో. షెడ్డు వాకిట్లో ఈ చివర నుంచి ఆ చివర దాకా మోకాలెత్తున, మగ్గానికి ఎక్కించబోయే పడుగు దారాలు లాగి కట్టి ఉన్నాయి. ఇల్లు తగలబడుతున్నా సరే, నేత ఇంటి మనిషి సాగదీసిన పడుగును దాటడు. చుట్టూ తిరిగి వెళ్తాడు. దాటేవాడెవడో వాడే దొంగ.

గేటు దగ్గరి సెంట్రీకి సైగ చేశాడు. విమానదాడి సైరన్ మోగింది.

కందకంలోకి పరుగు. తోపులాట, అరుపులు. ముప్పై మందీ పరిగెత్తారు. ముప్పై మందీ పడుగు చుట్టూ తిరిగే వెళ్లారు. ఒక్క కెప్టెన్ మాత్రం ఒకే గెంతున దాటేశాడు. ఇంగ్లండు మనిషి, ఆయనకేం తెలుసు?

పన్నాగం పారలేదు. టైం పదీ ఇరవై.

అందరికన్నా చివర స్టెల్లా వచ్చింది. హైహీల్స్ చేతిలో పట్టుకుని పరుగున వచ్చి, పడుగు ముందు టక్కున ఆగింది. ఆ చివరి గుంజ దాకా వెళ్లి, చుట్టు తిరిగి ఇవతలకు వచ్చింది. మగ్గమే ఎరగని సింగపూర్ మనిషికి ఈ పట్టింపు ఎక్కడిది?

మునిరాజు ఆమె మణికట్టు పట్టుకున్నాడు. "కాస్త పౌడర్ ఇస్తావా?"

రెండో చెయ్యి హ్యాండ్‌బ్యాగ్‌లోకి దూరింది. బుల్లి పిస్టల్ మెరిసింది. అంతే వేగంగా నంజమ్మ చేతిలోని గజంబద్ద దాని మీద పడింది. పిస్టల్ ఎగిరి దూరంగా పడింది.

మునిరాజు తడి వేలితో డబ్బాలో పొడి ముట్టుకున్నాడు. వేలు చుర్రుమంది.

"కాస్టిక్ సోడా. పట్టు మీద అద్దితే లోపలే తినేస్తుంది. ఎన్నింటికి అద్దావు?"

స్టెల్లా నవ్వింది. "పదకొండు కొట్టాక చెబుతాను."

"ఆమె చెప్పేదేంది?" అంది నంజమ్మ. "సున్నం తగిల్తే పసుపు ఎర్రగవుతాది. సోడాకైనా అంతే. చెంబులో పసుపు కలిపి తేండే."

పారాచూట్ల మడతల అంచున వరసగా పసుపునీళ్ల చుక్కలు పడ్డాయి. మొదటిది పసుపు. రెండోది పసుపు. మూడోది నెత్తుటి చుక్కలా ఎర్రబడింది. మొత్తం అయిదు. స్పేర్లకూ చుక్క వేసి చూసి, అయిదింటిని మార్చారు. పదీ యాభైకి జీపు బయలుదేరింది.

కెప్టెన్ నోట్‌బుక్ తెరిచాడు. మునిరాజు ఈసారి తెలుగులో అడిగాడు.

"పడుగు ఎందుకు దాటలేదు?"

ఆమె కూడా తెలుగులోనే చెప్పింది. "చిన్నప్పుడు ఒకసారి దాటినా. మా అవ్వ నా వీపు విమానం మోత మోగించింది."

"ఏ ఊరు?"

"నీ ఊరే."

"పేరు?"

సరిగ్గా పదకొండింటికి డకోటా షెడ్డు మీదుగా లేచింది. ఆ మోత తగ్గాక ఆమె తల దించుకుంది. మెల్లగా పేరు చెప్పింది.

మునిరాజు బోర్డు వైపు తిరిగి సుద్దముక్క అందుకున్నాడు.

"రాసుకోండి కెప్టెన్. ఐదో దళం: దొడ్డబళ్ళాపురం కదిరమ్మ."