ముప్ఫై ఏళ్ల మచ్చ

ఆ గదిలో ఫొటో అచ్చు వేయించుకున్నవాళ్లు ఒంటరిగా పడరట. ఒక్కరు వెళ్తే ఇద్దరు పడతారట.

పాత స్టూడియో మేడ మీద, మెట్లెక్కగానే ఎడమచేతి వైపు గది. కింద స్టూడియో మూతపడి ఏళ్లయింది. పైన మాత్రం చీకటి పడ్డాక పసుప్పచ్చటి దీపం ఒకటి వెలుగుతుంది. వీధిలో నడిచేవాళ్లు ఆ కిటికీ వంక తలెత్తి చూడరు. అచ్చులో పక్కన నిలబడేది ఓ సన్నటి ఆడమనిషట. ఆమె ఎవరి పక్కన నిలబడితే వాళ్లు ఏడాది తిరక్కుండానే పోతారట... చూసినవాళ్లెవరో తెలీదు. చెప్పేవాళ్లు మాత్రం అందరూ.

ఇవన్నీ విని కూడా ఒక తల్లి ఆ మెట్లెక్కింది.

ఆమె బట్టలు కుడుతుంది. ఒక్కతే కూతురు, పంతొమ్మిదేళ్లు. పిల్ల గుండెలో ఒక కవాటం సరిగ్గా మూసుకోవడం లేదన్నారు డాక్టర్లు. సోమవారం ఆపరేషన్ అన్నారు. ఆ మాట విన్నప్పటి నుంచి తల్లికి కంటి మీద కునుకు లేదు. మిషను తొక్కుతున్నా చూపు పిల్ల మీదే.

పల్లాడియం అనే లోహంతో వేసిన ఫొటో వెలిసిపోదని ఎక్కడో విన్నది. కాగితం ఉన్నన్నాళ్లూ బొమ్మ ఉంటుందట. ఆ పని తెలిసినవాడు ఊళ్లో ఒక్కడే. ఆ మేడ మీది మాస్టారు. పిల్ల బొమ్మ తన చేత్తోనే వేస్తానని, పని నేర్పమని ఆయన్ని అడిగింది.

"అమ్మా, నేనింకా ఇక్కడే ఉన్నాను," అంది కూతురు నవ్వుతూ. "అప్పుడే నన్ను గోడకెక్కిస్తున్నావా?"

"నోర్ముయ్యి," అంది తల్లి. నవ్వలేదు.

కాగితానికి పూసే పూతకు పగటి వెలుతురు తగలకూడదు. అందుకే పాఠం చీకటి పడ్డాకే. రెండు చిన్న సీసాలు. ఒకదాంట్లో ఇనుము కరిగిన మందు, రెండోదాంట్లో పల్లాడియం. చుక్కలు లెక్కపెట్టి కలపాలి. కాగితం పై అంచున పోసి, గాజు కడ్డీతో ఒకే ఊపులో కిందికి లాగాలి. ఆరాక దాని మీద నెగెటివ్ పరిచి, అద్దం బిగించి, నీలం లైటు కింద పెట్టాలి.

"చుక్కలు లెక్కపెట్టేటప్పుడు ఊపిరి కూడా మెల్లిగా," అనేవాడు మాస్టారు. "ఒక్కటి తప్పితే మొహం బొగ్గే."

మొదటి రాత్రి పూత చారలు చారలుగా వచ్చింది. రెండో రాత్రి కాగితం మరీ ఎండిపోయి, పిల్ల చెంపలు ఇసుక చల్లినట్టయ్యాయి. మూడో రాత్రి నల్లటి మరకలు.

"కత్తెర పట్టిన చెయ్యి కదమ్మా, ఎందుకంత వణుకు?"

ఆమె పాడైన కాగితాన్ని మడిచి పక్కన పెట్టింది.

నాలుగో రాత్రి... గురువారం. మంచి కాగితం అయిపోయింది. మాస్టారు బీరువా అడుగు నుంచి ఓ పాత అట్టపెట్టె లాగాడు. దుమ్ము దులిపాడు.

"ఇప్పుడిలాంటి కాగితం దొరకదు. పైదే తీసుకోండి."

తీసుకుంది. పూసింది. ఈసారి చెయ్యి వణకలేదు.

ఈ అచ్చులో బొమ్మ మెల్లమెల్లగా తేలదు. ట్రేలో పెట్టి మందు పొయ్యగానే... ఒక్కసారిగా లేస్తుంది.

పోసింది.

లేచింది.

కూతురే. పెదవి మీది పుట్టుమచ్చతో సహా. తల్లి ట్రే మీదికి వంగింది. "వచ్చావా తల్లీ..." అనబోయింది.

అనలేదు.

పిల్ల ఎడమ భుజం వెనక తెల్లటి గోడ ఉండాలి. గోడ లేదు. అక్కడ ఇంకొకరు ఉన్నారు. సన్నటి మనిషి. జుట్టు వెనక్కి దువ్వి ఉంది. మొహం పక్కకి తిరిగి ఉంది... ఎవరో పిలిస్తే వింటున్నట్టు.

"మాస్టారూ—"

ఆయన వంగి చూశాడు. పెట్టె దగ్గరికెళ్లి, దాని మూతకి లోపలివైపు అంటించి ఉన్న ఒక అచ్చు చూపించాడు. అదే మనిషి. అదే జుట్టు. కాకపోతే ఇందులో రెండో వైపుకి తిరిగి ఉంది.

"మా చెల్లెలు," అన్నాడు. "ముప్ఫై ఏళ్ల కిందట నేనే వేశాను. ఈ లోహం ఉంది చూశారూ, తనకి తగులుతున్న కాగితాన్ని ఏళ్ల తరబడి లోలోపలే పసుపెక్కేలా చేస్తుంది. బొమ్మ తిరగబడి దాని మీద పడుతుంది. ఉత్త మచ్చ. ఈ పసుపు దీపం కింద కనపడదు. నాదే తప్పు, కాగితాన్ని పగలు చూసుకోవాల్సింది."

ఆమె ఊపిరి వదిలింది.

"అయితే... ఊళ్లో అనుకునేది?"

"ఇదివరకు రెండుసార్లు ఇలాగే అయింది. రెండైతే ఊరు ఇరవై చేసింది."

"ఆ ఇద్దరూ..."

మాస్టారు గాజు కడ్డీ కడుగుతున్నాడు. కడిగిందే మళ్లీ కడిగాడు.

"పెద్దవాళ్లమ్మా," అన్నాడు చివరికి. "వయసైపోయింది."

"మీ చెల్లెలు?"

కుళాయి కట్టేశాడు. "ఇంటికెళ్లండి. రాత్రయింది."

వెళ్లింది. అచ్చు బల్ల మీద పెట్టుకుని కూర్చుంది. చించేద్దామనుకుంది. చించాలంటే పిల్ల మొహం కూడా చించాలి. కత్తిరించి ఆ మనిషిని తీసేద్దామనుకుంది. ఆ మనిషి వేళ్లు పిల్ల భుజం మీదున్నాయి... ట్రేలో చూసినప్పుడు వేళ్లు ఉన్నాయా? గుర్తు లేదు.

పక్క గదిలో కూతురు నిద్రలో దగ్గింది.

తెల్లవారేదాకా తల్లి అలాగే కూర్చుంది.

శుక్రవారం చీకటి పడగానే మళ్లీ మెట్లెక్కింది. "నాది ఒకటి వేస్తాను," అంది. "నెగెటివ్ తెచ్చాను. అంతే సైజు."

"మీదెందుకమ్మా?"

"ఊరికే."

పగటిపూట కొత్త కాగితం తెచ్చి పెట్టుకున్నాడు మాస్టారు. చుక్కలు తప్పలేదు. మందు పోసింది. ఆమె బొమ్మ లేచింది. ఒక్కతే. వెనక తెల్లటి గోడ.

ఆరాక రెండు అచ్చుల్నీ ఎదురెదురుగా, మొహానికి మొహం తగిలేలా పెట్టుకుంది. మాస్టారికి అప్పుడు అర్థమైంది.

"ఇందులోంచి అందులోకి రావడం ముప్ఫై ఏళ్ల పనమ్మా."

"తెలుసు."

"పైగా మా చెల్లెలు ఉన్నది మచ్చగా. లోహం కాదు. మచ్చ కదలదు."

"తెలుసు మాస్టారూ."

ఆయన మెట్ల దాకా వచ్చి దీపం పట్టుకున్నాడు. ఇదివరకెప్పుడూ రాలేదు.

ఇంట్లో ఆ రెండింటినీ రెండు చెక్కల మధ్య పెట్టి, తాడుతో కట్టి, పైన కుట్టుమిషను తల ఎత్తిపెట్టింది. "ఏంటమ్మా అది?" అనడిగింది కూతురు. "ముడతలు పోవాలి," అంది తల్లి. శుక్రవారం రాత్రి. శనివారం రాత్రి. ఆదివారం పిల్లని ఆసుపత్రిలో చేర్చి, రాత్రంతా వరండాలో బెంచీ మీద కూర్చుని, ఒకటే మాట లోపల అనుకుంది. ఇటు రా... దాన్నొదిలి ఇటు రా.

సోమవారం పిల్లని లోపలికి తీసుకెళ్లారు. మూడు గంటలన్నది ఆరు గంటలైంది. మధ్యలో ఒక నర్సు పరుగెత్తింది. ఇంకొకరు పరుగెత్తారు. ఆ తర్వాత ఎవరూ పరుగెత్తలేదు. అదే ఎక్కువ భయం.

పొద్దుగూకే వేళ డాక్టరు బయటికొచ్చి మాస్కు కిందికి లాగాడు.

"ఒక నిమిషం పోయిందనే అనుకున్నామమ్మా. ఎందుకో... దానంతటదే మళ్లీ కొట్టుకుంది. ఇక భయం లేదు."

పిల్ల కళ్లు తెరిచింది. తల్లి నుదురు నిమిరింది. "బట్టలు తెస్తాను," అని ఇంటికొచ్చింది.

ఇంట్లో చీకటి. లైటు వేసింది. మిషను దించింది. తాడు విప్పింది.

పై చెక్క తీసి, కూతురి అచ్చు తిప్పి చూసింది.

పిల్ల ఒక్కతే ఉంది. వెనక గోడ తెల్లగా, కడిగినట్టుంది. భుజం మీద ఏమీ లేదు.

దాన్ని బల్ల మీద పెట్టింది. తర్వాత రెండో అచ్చు చేతిలోకి తీసుకుంది. తనది.

కుడి భుజం వెనక ఆ సన్నటి మనిషి నిలబడి ఉంది. ఇప్పుడు మొహం పక్కకి తిరిగి లేదు. సూటిగా చూస్తోంది.

తల్లి గుండెల మీద చెయ్యి వేసుకుంది. గోడకి ఆనుకుని, మెల్లిగా నేల మీద కూలబడింది. ఇన్ని రోజుల తర్వాత మొదటిసారి ఆమె నవ్వింది.

"హమ్మయ్య," అంది.