జేబులో ఫ్యూజులు

చనిపోయిన లైన్‌మన్ జేబులో ట్రాన్స్‌ఫార్మర్ ఫ్యూజులు మూడూ ఉన్నాయి. వాటిని పీకి జేబులో వేసుకున్నాకే అతను స్తంభం ఎక్కాడు. అయినా కరెంటు కొట్టింది.

"యాక్సిడెంట్ కాదు, మర్డర్," అన్నాడు చీఫ్, ఫొటో బల్ల మీదికి తోస్తూ. "సప్లై ఆగగానే ఇళ్ల మీది సోలార్ ఇన్వర్టర్లు రెండు సెకన్లలో వాటంతటవే ఆగిపోవాలి. ఒక విదేశీ ముఠా వాటి ప్రోగ్రామ్ మార్చేసింది. అవి ఆగలేదు. ఇళ్లే తీగలోకి కరెంటు తోశాయి."

"ఒక్క లైన్‌మన్ కోసం ఇంత శ్రమ పడ్డారా?" అడిగాడు ఏజెంట్ నలభై ఒకటి.

"ఇది రిహార్సల్. అసలు రోజున మూడు వందల కాలనీల్లో ఒకేసారి. ఆ తర్వాత ఏ లైన్‌మనూ స్తంభం ఎక్కడు. తూటా పేలకుండా దేశం చీకటవుతుంది. నువ్వు మీటర్ రీడర్‌గా వెళ్తున్నావు. ఎవరితోనూ స్నేహం చెయ్యకు."

ఆ చివరి మాట అనవసరం. స్నేహితులు లేరనే అతనికి ఈ ఉద్యోగం ఇచ్చారు.

ఆరు నెలలు ఒక కాలనీలో గడపగడపా తిరిగాడు. జనం మీటరు చూపించారు గానీ అతని ముఖం చూడలేదు. అదే కాలనీలోని గదికి వస్తే ఒక కుర్చీ, ఒక మంచం, కిర్రుమనే ఫ్యాను. ఆ కిర్రే పలకరింపు.

మాట్లాడే మనిషి ఒక్కడే, ఆ కాలనీ లైన్‌మన్.

"మీటరన్నా, ఆదివారం మా ఇంటికి భోజనానికి రారాదూ? మీ చెల్లెలు నన్ను పోరుతోంది."

"పెద్దమ్మ పోయింది. ఊరెళ్లాలి."

"మీకెంతమంది పెద్దమ్మలన్నా? ఇది మూడో ఆవిడ!"

ఆ రోజు పన్నెండుకి ఏడు నిమిషాలుందనగా వీధి మొదట్లో ఎర్ర కారు ఆగింది. కాలనీకి ఇన్వర్టర్లు అమ్మే సోలార్ మేడమ్ దిగింది. నల్ల కళ్లద్దాలు, వీధంతా తల తిప్పేంత సెంటు. జీతం తీసుకునేది ముఠా దగ్గర, రహస్యాలు చేరవేసేది మనకి. తను ఎవరి మనిషో ఆమెకైనా తెలుసా అని అతని అనుమానం.

"మీ మీటరు వెనక్కి తిరుగుతోందా?"

"మబ్బు పట్టాక చెప్తాను."

కోడ్ కలిసింది. ఆమె లిప్‌స్టిక్ మూత విప్పి కాగితం చుట్ట తీసింది. "ఇవాళే. రిపేర్ల పేరుతో పన్నెండుకి అన్ని కాలనీల్లో లైన్‌మన్లు ఎక్కుతారు. ఇది ఇన్వర్టర్లని ఆపే స్టాప్ కోడ్. తొందరగా పంపు."

కారు వెళ్లిపోయింది. సెంటు వాసన కాసేపు నిలిచింది. అతని జీవితంలో ఆడవాళ్లంతా అంతసేపే ఉన్నారు.

కోడ్ పంపాడు. కంట్రోల్ రూమ్ జవాబిచ్చింది: 'పన్నెండులోపు అన్నీ ఆగుతాయి. మిషన్ సక్సెస్. నువ్వు కదలకు. కవర్ పోతుంది.'

తలెత్తాడు. వీధి చివర లైన్‌మన్ అప్పుడే స్తంభం మీదున్నాడు. భోజనం వేళకి ఇల్లు చేరాలని పావుగంట ముందే పని మొదలుపెట్టే మనిషి.

నలభై ఒకటి కవర్ సంగతి గాలికొదిలేసి పరిగెత్తాడు.

"తీగ ముట్టుకోకు!"

"ఫ్యూజులు నా దగ్గరే ఉన్నాయన్నా!" లైన్‌మన్ జేబు తట్టి చూపించాడు.

"గ్లవ్స్ ఏవి?"

"ఆఫీసు బీరువాలో. పాడైపోతాయని బయటికి తియ్యరు."

"ఇళ్ల మీంచి కరెంటొస్తోంది! దిగు!"

"ఎండదెబ్బ తగిలిందా అన్నా?" నవ్వుతూ తీగవైపు చెయ్యి చాపాడు.

ఇక మాటలకు టైం లేదు. నలభై ఒకటి జేబులో పెన్ను తీసి పైకి విసిరాడు. కరెంటున్న తీగ దగ్గరికెళ్తే కూసే పెన్ను అది.

"పట్టుకో! తీగ దగ్గర పెట్టి చూడు!"

చాపిన చేత్తోనే లైన్‌మన్ దాన్ని అందుకున్నాడు. పెన్ను కీచుమని అరిచింది. తీగకీ వేళ్లకీ మధ్య బెత్తెడు.

నవ్వు ఆగిపోయింది. జేబు మళ్లీ తడుముకున్నాడు. ఫ్యూజులు మూడూ ఉన్నాయి. పెన్ను అరుస్తూనే ఉంది. తర్వాత దానంతటదే నోరు మూసింది. కోడ్ పనిచేసింది.

లైన్‌మన్ స్తంభం దిగి వచ్చాడు. "ఎవరన్నా మీరు?"

"మీటర్ రీడర్‌ని."

"కాదు."

"కాదు."

"ఎవరైతేనేం లెండి. ఆదివారం వస్తున్నారు, అంతే."

"వస్తాను," అన్నాడు నలభై ఒకటి. భోజనం పిలుపుకి పెద్దమ్మ ప్రస్తావన లేకుండా చెప్పిన మొదటి అబద్ధం అది. ఫోన్లో అప్పటికే ఆర్డరు వచ్చింది: 'కవర్ పోయింది. మొదటి బస్సుకి బయల్దేరు.'

బస్సు కదిలాక గుర్తొచ్చింది. లైన్‌మన్ ఈపాటికి ఫ్యూజులు బిగించి ఉంటాడు. ఖాళీ గదిలో ఫ్యాను కిర్రుమంటూ తిరుగుతూ ఉంటుంది. దేశం కరెంటంతా కాపాడినవాడు సొంత స్విచ్ ఆపడం మరిచాడు. గుర్తుచెయ్యడానికి ఒక్క పెద్దమ్మైనా మిగల్లేదు.