ఎడమ చెవిలో పిలుపు

అప్పట్లో నేను విజయవాడ సూర్యారావుపేటలో ఒక చెవి, ముక్కు, గొంతు డాక్టరు గారి దగ్గర పనిచేసేదాన్ని. వచ్చినవాళ్లకి ఎంతవరకు వినపడుతోందో పరీక్ష చెయ్యడం నా పని. అందుకోసం మేడ మీద ఒక చిన్న గది ఉండేది. గోడలకీ, పైకప్పుకీ, చివరికి తలుపుకి కూడా మందపాటి స్పాంజి. లోపల ఒక కుర్చీ, హెడ్‌ఫోను, చేత్తో పట్టుకునే స్విచ్చి. నేను బయట మిషను ముందు కూర్చుని, గోడలో బిగించిన అద్దంలోంచి పేషెంటుని చూస్తూ ఒక్కో శబ్దం పంపిస్తాను. వినపడగానే వాళ్లు స్విచ్చి నొక్కితే నా ముందు లైటు వెలుగుతుంది.

తలుపు వేశామంటే బయట బస్సుల హారన్లు కూడా ఆగిపోయినట్టుండేది. కాసేపు కూర్చుంటే ఎవరి గుండె వాళ్లకి వినపడేది. కొంతమంది భయపడి తలుపు తియ్యమనేవాళ్లు. వాళ్లని చూసి నవ్వుకునేదాన్ని.

రెండువేల మూడో సంవత్సరం, శ్రావణమాసం. వాన పడీ పడక ఒకటే ఉక్క. మధ్యాహ్నం అబ్దుల్ రవూఫ్ అనే ఆయన భార్య సయీదాతో వచ్చాడు. ఆటోనగర్లో లారీ క్యాబిన్లకి టింకరింగ్ చేస్తాడట. ఇరవై ఏళ్లుగా రేకు మీద సుత్తి దెబ్బలు. మంచి పొడగరి, గట్టి మనిషి. ఆమె మాత్రం బుర్ఖాలో ముడుచుకుపోయి, అతని కుడి చెయ్యి వదలకుండా పట్టుకుని ఉంది.

"ఎప్పటినుంచి వినపడటం లేదండీ?" అన్నాను గట్టిగా.

"కుడి చెవి రెండేళ్లనుంచి మేడం. ఎవరో మాట్లాడుతున్నారని తెలుస్తుంది, ఏమంటున్నారో తెలీదు. పిల్లల మాట అసలు అర్థం కాదు. పడుకుంటే చెవిలో ఒకటే కీచురాళ్ల రొద."

సుత్తి పని చేసేవాళ్లకి మామూలే. "మరి ఎడమది?"

"అది చిన్నప్పుడే పోయింది. చీము కారేది. కర్ణభేరికి చిల్లు పడిందన్నారు. ఈ మధ్య మళ్లీ కారుతోంది, తల తిరుగుతోంది." ఆగి, భార్య వైపు చూశాడు. "కానీ మేడం... ఇప్పుడు దాంట్లోనే బాగా వినపడుతోంది."

"ఏం వినపడుతోంది?"

"ఈమె గొంతు."

సయీదా తల వంచుకుంది. తర్వాత ఆమే చెప్పింది. పోయిన శుక్రవారం షెడ్డులో పనిచేస్తున్నవాడు సుత్తి కింద పెట్టి లేచాడట. ఎవరు అడిగినా పలకకుండా నడుచుకుంటూ పోయాడట. ఆమె తమ్ముడు తౌసిఫ్ అనుమానమొచ్చి వెనకాల పరిగెత్తేసరికి బందరు కాలవలో ఛాతీ లోతున ఉన్నాడు. నిండు కాలవ. జుట్టు పట్టుకుని లాగితే, 'సయీదా అవతలి గట్టునుంచి పిలుస్తోందిరా, వదులు' అన్నాడట.

"నేను ఇంట్లో ఉన్నాను మేడం. వంట చేసుకుంటున్నాను." ఆమె గొంతు బాగా తగ్గించింది. "అది ఈయన్ని పేరు పెట్టి పిలుస్తోందంట. పెళ్లయి పదమూడేళ్లు... ఒక్కసారి కూడా నేను ఈయన పేరు పలకలేదు."

అయినా పైకి నవ్వాను. చెవి దెబ్బతింటే లేని శబ్దాలు వినపడతాయమ్మా అని ధైర్యం చెప్పి, అతన్ని గదిలో కూర్చోబెట్టి తలుపు బిగించాను. సయీదా నా పక్కన స్టూలు మీద కూర్చుంది.

కుడి చెవి అనుకున్నట్టే ఉంది. బొంగురు శబ్దాలు వినపడ్డాయి, సన్నటివి పోయాయి. ఇక ఎడమ చెవి. మీట తిప్పాను. ఇంకా ఏ శబ్దమూ పంపలేదు.

లైటు వెలిగింది.

పొరపాటున నొక్కాడేమో అనుకున్నాను. మళ్లీ వెలిగింది. మళ్లీ. అద్దంలోంచి చూస్తే అతను తల ఎడమవైపు వంచి, కళ్లు మూసుకుని, సన్నగా నవ్వుతున్నాడు.

మైకులో అన్నాను, "రవూఫ్ గారూ, నేనింకా ఏం పంపలేదండీ."

కళ్లు తెరవలేదు. పెదాలు కదిలాయి. అతని మాట నా స్పీకర్లో వినిపించింది.

"వస్తున్నా... వస్తున్నా సయీదా."

నా పక్కన సయీదా రెండు చేతులతోనూ తన నోరు గట్టిగా మూసుకుంది.

అప్పుడే కరెంటు పోయింది.

మేడ మీద కిటికీ వెలుతురు కొంచెం ఉంది గానీ అద్దానికి అవతల నల్లగా అయిపోయింది. ఆ నలుపులో అతను లేవడం లీలగా కనిపించింది. తలుపు వైపు రాలేదు. ఎదుటి గోడ దగ్గరికి వెళ్లాడు. గోడని రెండు చేతులతో తోస్తున్నాడు. తర్వాత తలతో... మెల్లగా, ఆగకుండా, కొట్టుకుంటున్నాడు. స్పాంజి చిరిగిపోతోంది. చప్పుడు మాత్రం లేదు.

"ఏమండీ! ఏమండీ!" సయీదా అద్దం మీద బాదింది.

నేను తలుపు లాగి లోపలికి ఉరికాను. నా వెనక తలుపు బరువుకి మూసుకుంది. చీకటి. చీము వాసన, చెమట వాసన. చేతికి తడిగా ఏదో తగిలింది, అతని నుదుటి నెత్తురు. నడుం పట్టుకుని వెనక్కి లాగుతున్నాను. నా గుండె చప్పుడు... అతని ఆయాసం... అవి రెండే.

తర్వాత మూడోది.

అతని మెడలోకి జారిన హెడ్‌ఫోనులోంచి. కరెంటు లేదు. మిషను ఆగిపోయింది. అయినా వచ్చింది. సన్నగా, చాలా ప్రేమగా. సయీదా గొంతే.

"రవూఫ్... ఇంకొంచెం... ఇంకొక్క అడుగు..."

హెడ్‌ఫోను పీకి విసిరేశాను. తలుపు ఎలా తీశానో, అంత మనిషిని ఎలా ఈడ్చుకొచ్చానో తెలీదు. బయట సయీదా అలాగే ఉంది. చేతులు మళ్లీ నోటి మీదే.

"నేను మాట్లాడలేదు మేడం," అంది ఏడుస్తూ. "ఒట్టు. నేను కాదు."

డాక్టరు గారికి అంతా చెప్పాను. ఆయన రవూఫ్ చెవి చూసి, చీము చెవి వెనక ఎముకలోకి పాకింది, అశ్రద్ధ చేస్తే మెదడుకి ఎక్కుతుంది, అందుకే ఈ భ్రమలు అన్నారు. వెంటనే ఆపరేషను చేశారు. నేను విన్నదాని గురించి మాత్రం, "భయంలో ఉన్నావు పద్మశ్రీ, రెండు రోజులు సెలవు తీసుకో," అన్నారు.

కట్టు విప్పాక రవూఫ్ వచ్చాడు. మొహంలో కళ వచ్చింది. "ఇప్పుడు ఎడమ చెవిలో ఏం లేదు మేడం. గవ్వలా ఖాళీగా ఉంది. హాయిగా నిద్రపోతున్నా," అన్నాడు.

"సయీదా ఎలా ఉంది?"

అతని నవ్వు పోయింది. ఆమె వెనకే నిలబడి ఉంది. నన్ను చూసి నోరు తెరిచింది. పెదాలు కదిలాయి, మెడ నరాలు ఉబ్బాయి. గాలి తప్ప ఏమీ రాలేదు.

"నాకు కట్టు విప్పిన మర్నాడు పొద్దుటే మేడం. పిల్లల్ని బడికి లేపుతోంది. పిలుస్తూ పిలుస్తూ... సగంలో గొంతు ఆగిపోయింది."

డాక్టరు గారు గొంతులో అద్దం పెట్టి చూశారు. వాపు లేదు, పుండు లేదు. అంతా బాగానే ఉందన్నారు. బెంగ వల్ల కావచ్చని మందులు రాశారు. వాళ్లు మెట్లు దిగి వెళ్లిపోయారు. వెళ్తూ వెళ్తూ సయీదా నా చెయ్యి పట్టుకుని, ఏదో చెప్పాలని చూసి, చెప్పలేక వదిలేసింది.

ఆ తర్వాత పేషెంటు కంకిపాడు నుంచి వచ్చిన సీతారావమ్మ గారు. ఎనభై దాటిన మనిషి, రెండు చెవులూ దాదాపు పోయాయి. చెవిలో పెట్టుకునే మిషను లేకపోతే పక్కన పిడుగు పడినా తెలీదు. ఆ మిషనుకి గులిమి పట్టిందంటే, తీయించి, నా బల్ల దగ్గర తుడుస్తున్నాను. ఆవిడ బెంచీ మీద కూర్చుని అటూ ఇటూ చూస్తోంది. చూసి చూసి, మూసి ఉన్న స్పాంజి గది వైపు వేలు చూపించింది.

"అదేంటమ్మాయ్," అంది విసుగ్గా. "ఆ పిల్ల లోపలినుంచి ఏమండీ, ఏమండీ, తలుపు తియ్యండి అని అంతలా ఏడుస్తుంటే... ఒక్కరూ లేవరేంటి?"