పడవ కదలని రోజు

ఎఫువాను చంపింది ఆమె చెల్లెలు మాన్సా. కోబినాకు అందులో సందేహం లేదు. కావలసింది రుజువు ఒక్కటే. ఆ రోజు మంగళవారం. మంగళవారం సముద్రానికి సెలవని, ఆ ఒక్క రోజు తీరంలో ఏ పడవా వేటకు వెళ్లదు. ఆ తీరిక చూసుకుని, భార్య ఎఫువా సమాధి మట్టి ఇంకా ఆరకముందే, నల్లగుడ్డ కట్టుకుని కేప్‌కోస్ట్ పట్నం వచ్చి డిటెక్టివ్ జాకబ్ గార్టీ ఆఫీసు మెట్లెక్కాడు.

గార్టీ బక్కపలచని మనిషి. ఎదుటివాడు చెప్పడం ఆపేశాక కూడా కాసేపు వింటున్నట్టే కూర్చుంటాడు. పక్కబల్ల దగ్గర ఆయన సహాయకురాలు అడ్జోవా ఉంది. గార్టీ పొరబడగలడన్న ఆలోచన ఆమెకు ఎన్నడూ రాలేదు.

“ఎవరు చంపారో నేను చెప్తాను. ఎలా చంపిందో మీరు చెప్పండి,” అన్నాడు కోబినా.

“అయితే నా పనిలో సగం మీరే చేసిపెట్టారు.”

కోబినా నవ్వలేదు. గుడ్డ మడతలోంచి ఆసుపత్రి కాగితం తీసి బల్లమీద పెట్టాడు.

“నాది ఊరి బడి చదువే. అయినా ఈ మాట చదవగలను. పాజిటివ్. రక్తంలో విషం ఉందని కాగితమే ఒప్పుకుంటోంది.”

అడ్జోవా తొంగిచూసింది. రుమటాయిడ్ ఫ్యాక్టర్, పాజిటివ్. “ఆవిడకి కీళ్లవాతమా?”

“వేళ్లు వంకర్లు పోయాయి. పొద్దున్నే లేస్తే పిడికిలి పట్టేది కాదు. దానికి మందు వాడుతోంది, గుణం కనిపిస్తోంది. ఇంతలో చెల్లెలు దిగింది. వంట తన చేతిలోకి తీసుకుంది. అంతే.”

“ఇంతకు ముందు చేయించిన పరీక్షలు?” అన్నాడు గార్టీ.

“ఇంట్లో పెట్టెలో ఉన్నాయి. వాటితో పనేంటి? చచ్చింది ఈ కాగితం వచ్చిన రోజున.”

“ఎప్పటికి తేల్చాలి?”

“శనివారం ఎఫువా వాళ్ల వంశం పంచాయితీకి కూర్చుంటుంది. మాన్సాను గెంటెయ్యమని అడుగుతాను. రుజువు లేకపోతే వాళ్ల మేనమామ బాదు ఒప్పుకోడు.” కోబినా బల్ల అంచు పట్టుకున్నాడు. “దాని పొయ్యి పొగ వాసన నా ముక్కుకి తగలకూడదు. నాకు ఇంకేమీ వద్దు సార్. ఇంకేమీ మిగల్లేదు.”

మర్నాడు గార్టీ, అడ్జోవా ఆ ఊరికి వెళ్లారు. వాకిట్లో గుండ్రటి మట్టిపొయ్యిల మీద మాన్సా చేపలు కాలుస్తోంది. కొనేవాళ్లు ఎవరూ లేరు. రోజూ వచ్చే ఆడవాళ్లు వీధికి ఆ పక్క నుంచి నడిచిపోతున్నారు.

“నన్ను ఉరితీయడానికి మా బావ పట్నం నుంచి తెచ్చింది మిమ్మల్నేనా?” అంది మాన్సా.

“తాడు తేలేదమ్మా. ప్రశ్నలే తెచ్చాను. నువ్వు ఎప్పుడొచ్చావు ఇక్కడికి?”

“జూన్ ఆఖర్న. టకొరాడిలో నా మొగుడు ఇంకోదాన్ని తెచ్చుకున్నాడు. అక్క చేతులు ఎలాగూ పనిచెయ్యవు, సాయంగా ఉందామని వచ్చా. వారం తిరక్కుండానే జులై వచ్చింది, సర్కారు వేట ఆపించేసింది. కాల్చడానికి చేపే లేదు. ఇక వంట నాదే.”

“ఏం పెట్టావు?”

“మొదట్లో చేపల పులుసు. లొట్టలేసుకుంటూ తినేది. తర్వాత నోరంతా పూసింది. మిరపకాయ తగిలితే ఏడ్చేసేది. ఇక చల్లటి మొక్కజొన్న గంజే పోశా.”

“విన్నారా?” కోబినా ముందుకొచ్చాడు. “ఇది వచ్చాకే నోరు పూసింది!”

“ఇది అంటున్నావా నన్ను? మొన్నటిదాకా ‘మరదలా, ఇంకో ముద్ద వెయ్యి’ అన్న నోరేగా బావా అది!” మాన్సా గార్టీ వైపు తిరిగింది. “అక్కని చంపిందన్న పేరుతో గెంటేస్తే, ఈ తీరం పొడుగునా నా చేప ముట్టుకునేవాళ్లుండరు సార్. ఎక్కడికని పోను? చెప్పండి, ఎక్కడికి?”

గార్టీ అడిగాడు, “నోరు పూశాక?”

“ఒంటిమీద మచ్చలు. పట్టుకుంటే చాలు కమిలిపోయేది. చివర్న చిగుళ్లలోంచి రక్తం.”

కోబినా పెట్టెలోంచి పాత పరీక్షలు తెచ్చాడు. ఒకటి ఫిబ్రవరిది, ఇంకొకటి మే నెలది. గార్టీ రెండింటినీ బోర్లించిన చేపలబుట్ట మీద పరిచి, నిదానంగా చదివి, మడిచేశాడు.

“మేలో డాక్టర్ ఏమన్నాడు?”

“వాపు చెప్పే అంకె సగానికి దిగిందన్నాడు. మందు పనిచేస్తోందన్నాడు. ఆ రోజు ఎఫువా మొక్కజొన్న కెంకే ముద్దకి చుట్టిన ఆకు తన చేత్తో తనే విప్పుకుంది.” కోబినా మొహం తిప్పుకున్నాడు. “ఎన్నాళ్లకో.”

“ఆ వేళ్లతో మందు సీసా మూత తిప్పగలిగేదా?”

“లేదు. నేనే తీసేవాణ్ని. దీని చేతికిస్తానా?”

“ఆ సీసా ఉందా?”

“అయిపోతే జులైలో నేనే ఇంకోటి తెచ్చా. అదీ ఖాళీ అయింది.”

మందుల షాపు రోడ్డు మలుపులో ఉంది. దాన్ని నడిపే అంపా మర్యాదస్తుడు. అడక్కుండానే కుర్చీ వేశాడు. కోబినా గుమ్మంలో నిలబడ్డాడు.

“ఎఫువా మందు ఎలా వాడమన్నావు?” అన్నాడు గార్టీ.

“ఘాటైన మందు సార్ అది. వేసుకున్న రోజు ఒంట్లో సత్తువ ఉండదు. అందుకే పడవలు కదలని రోజు వేసుకుని పడుకోమన్నా. చీటీ మీద రాస్తే ఎవరు చదువుతారిక్కడ? అలా చెప్తే పసిపిల్లకైనా అర్థమవుతుంది.”

గుమ్మంలోంచి కోబినా తలూపాడు. అతనికి చెప్పిందీ అదే.

“రెండో సీసా అడిగినప్పుడు, మొదటిది అప్పుడే అయిపోయిందా అని అడగలేదా?”

అంపా గుడ్డ తీసి బల్ల తుడిచాడు. “ఆ రోజు జనం ఎక్కువగా ఉన్నారు సార్.”

గార్టీ బయటికొచ్చి సముద్రం వైపు చాలాసేపు చూశాడు. రంగురంగుల పడవలు దూరంగా అలల మీద ఊగుతున్నాయి. ఏదో అడగబోయిన అడ్జోవా ఆయన మొహం చూసి ఆగిపోయింది. కేసు తేలినప్పుడు ఆ మొహంలో వెలుగు కనిపించేది. ఈసారి కనిపించలేదు.

“కోబినా, శనివారం నేను అందరి ముందూ మాట్లాడాలా? వద్దంటే మీ ఒక్కరికే చెప్తాను. మాన్సా తప్పు లేదని మాత్రం బాదుకి చెప్పి వెళ్లిపోతాను.”

“అది మిమ్మల్నీ ఏమార్చిందా?” కోబినా గార్టీకి అడ్డంగా వచ్చి నిలబడ్డాడు. “అందరి ముందే చెప్పాలి. ఎవరు చంపారో ఆ వాకిట్లో అందరూ వినాలి. ప్రమాణం చేయండి.”

గార్టీ ప్రమాణం చేశాడు.

శనివారం పొద్దున వాకిలి నిండింది. మేనమామ బాదు ఎత్తుపీట మీద, ఎదురుగా కోబినా. గార్టీ కబురంపితే అంపా కూడా వచ్చాడు. మాన్సా పొయ్యిల పక్కన గుడ్డలమూట దగ్గర పెట్టుకుని నిలబడింది. ఏం తేలుతుందో ముందే తెలిసినట్టు మూట ముడి బిగించుకుంది.

గార్టీ కాగితాలు బాదు ముందు పెట్టాడు.

“పెద్దాయనా, ఈ పాజిటివ్ అన్న మాట విషం పేరు కాదు. ఎఫువా కీళ్లను తిన్న జబ్బుకి అదొక గుర్తు. ఫిబ్రవరి పరీక్షలోనూ ఉంది. అప్పుడు మాన్సా టకొరాడిలో ఉంది. జబ్బు నెమ్మదించినా ఈ గుర్తు పోకపోవచ్చు. కొందరికి జబ్బున్నా కనపడదు, జబ్బు లేనివాళ్లకీ ఒక్కోసారి కనపడుతుంది. దీన్నొక్కదాన్ని పట్టుకుని ఎవరి మీదా నేరం మోపలేం.”

“మరి నా మేనకోడలు ఎలా పోయింది?”

“అది కింది వరసల్లో ఉంది. తెల్ల కణాలు, ఎర్ర కణాలు, రక్తాన్ని గడ్డకట్టించే కణాలు. మేలో మూడూ బాగున్నాయి. చివరి పరీక్షలో మూడూ ఒక్కసారే పడిపోయాయి. నోరు పూయడం, ఒళ్లు కమలడం, చిగుళ్ల రక్తం, అన్నీ అందుకే. ఆసుపత్రి డాక్టరుకి కూడా చూపించాను, అదే మాటన్నాడు. పులుసు చేసే పని కాదిది. ఆ కీళ్ల జబ్బుని అణిచే మందు మోతాదు మించితే, రక్తం పుట్టే చోటునే అణిచేస్తుంది. అందుకే దాన్ని వారానికొక్కసారే వేసుకోవాలి.”

“ఎక్కువ వేసిందెవరు? ఈ పిల్లేనా?”

“ఆమె చేతికి సీసా ఇవ్వనేలేదు. అంపా, వారానికొక్కసారి అన్న మాట నువ్వు నోటితో చెప్పావా?”

“పడవలు కదలని రోజంటే మంగళవారమేగా సార్...”

“చెప్పావా, లేదా?”

“లేదు,” అన్నాడు అంపా.

“జులై నెలంతా,” అన్నాడు గార్టీ, “ఈ తీరంలో ఏ పడవా కదల్లేదు.”

కాలుతున్న చేప కొవ్వు నిప్పులో పడి చుయ్యిమంది.

కోబినా తన కుడిచేతి వేళ్లు చూసుకుంటున్నాడు. ఆ వేళ్లే రోజూ పొద్దున మూత తిప్పాయి. “రోజూనా?” అని అడిగింది ఎఫువా మొదటిసారి. “పడవలు కదిలితేగా? రోజూ నీకు విశ్రాంతే. మళ్లీ వేట మొదలయ్యేసరికి నీ కెంకే నువ్వే విప్పుకుంటావు,” అన్నాడు తను. ఆమె నవ్వి నోరు తెరిచింది.

“తగ్గుతోందని డాక్టర్ చెప్పాడు,” గార్టీ గొంతు తగ్గించాడు. “తగ్గించే మందు ఇంకాస్త వేస్తే ఇంకా తొందరగా తగ్గుతుందని ఎవరికైనా అనిపిస్తుంది. పెళ్లాం అంటే ప్రాణం పెట్టేవాడికి మరీ అనిపిస్తుంది.”

మాన్సా మూట వదిలేసి వచ్చి కోబినా ఎదుట కూలబడింది.

“చివర్న మింగలేకపోతే గంజిలో నలిపి పెట్టావు కదా బావా. గిన్నె పట్టుకున్నది నేనే. నీకు మాత్రం తెలుసా? నాకు మాత్రం తెలుసా?”

అంపా వచ్చి కాళ్లు పట్టుకోబోయాడు. కోబినా కాళ్లు వెనక్కి లాక్కున్నాడు.

“మాన్సా ఈ ఇంట్లోనే ఉంటుంది. దాని చేప మొదట నా ఇంటికే వస్తుంది,” అన్నాడు బాదు. “కోబినా, నువ్వూ ఒక మాట అను. మనసులో పెట్టుకోకు నాయనా.”

కోబినా లేచాడు. నల్లగుడ్డ భుజం మీదికి ఎగదోశాడు.

“ఇది చంపలేదు. అందరూ విన్నారుగా. అంపాను క్షమించను. ఇంకొకణ్ణీ క్షమించను. ఓదార్చడానికి ఎవరూ నా గడప తొక్కొద్దు. చంపిందెవరో ఈ వాకిట్లో చెప్పమన్నాను, చెప్పారు. ఇక బతికినన్నాళ్లూ ఈ సంగతి గురించి నా నోటివెంట మాట రాదు.”