దళవాయి ఇంటి పురుడు

నాగలికొండ దుర్గం చుట్టూ మల్లభూపతి సేనలు దిగిన నాటినుండి, పైరు ఊగవలసిన చోట గుడారాలూ, పిట్టలు కూయవలసిన వేళ ఏనుగుల ఘీంకారాలూ తప్ప కోటలోని ప్రజలు మరొకటి కనలేదు, వినలేదు. ధాన్యపు కొట్లు అడుగంటాయి. తూర్పు సామంతుల సేన సాయానికి వస్తున్నదన్న కబురొక్కటే మహారాణి పోచాంబికాదేవి మొదలు గుర్రాలకు గడ్డి వేసేవాని వరకు అందరి ప్రాణాలనూ నిలుపుతున్నది.

ఆ కోట సేనకు దళవాయి సూరపోతు నాయకుడు. అరవై దాటినవాడు. సింహద్వారపు తాళపుచెవులు ఆయన మొలలోనే ఉండేవి. అవి కోటదేవత కోటమ్మ సొత్తని అక్కడి నమ్మకం. ప్రతి ఉదయం వాటిని అమ్మవారి పాదాల చెంత ఉంచి, పూజారి చేతిమీదుగా మళ్ళీ పుచ్చుకోవాలి. పురిటి మైల గాని, చావు మైల గాని సోకినవాడు వాటిని తాకరాదు. మైల తీరేవరకు అవి మంత్రి వద్ద ఉండాలి. సూరపోతుకు దాయాదులు లేరు, ఆయన భార్య కేతమ్మకు కడుపు పండలేదు. అందుచేత ఇన్నేళ్ళలో ఆ తాళపుచెవులు ఒక్కనాడూ చెయ్యి మారలేదు. "దళవాయిగారింట ఉయ్యాల ఊగకపోవడమే కోటకు కలిసివచ్చింది" అని జనం పరాచికాలాడేవారు. అవి కేతమ్మ చెవిన పడుతూనే ఉండేవి.

అటువంటి కేతమ్మ, తల నెరిసిన వయసులో, ముట్టడి నడుమ నెలలు నిండి, ఒకనాటి ఉదయం మగబిడ్డను కన్నది. తలుపు బయట నిలిచిన సూరపోతు ఆ తొలి ఏడుపు విని, గడపమీద కూలబడ్డాడు. ఏడ్చాడు, నవ్వాడు, మళ్ళీ ఏడ్చాడు.

ఆ సంతోషం ఎంతోసేపు నిలవలేదు. మహారాణి సభకు రమ్మంటున్నదని భటుడు వచ్చాడు. మంత్రి నామయ ప్రెగ్గడ అప్పుడే ఆచారం ఎత్తి తాళపుచెవులు అడిగాడట. బిడ్డ బతికి బయటపడతాడా లేదా అన్న బెంగలో ఆ ముసలి దంపతులు ఈ ఆచారం సంగతే మరిచారు. నామయ మరువలేదు.

సూరపోతు చెయ్యి మొలలోని తాళపుచెవులమీదికి పోయింది. నామయ బావమరిది ఆలుబిడ్డలతో ముట్టడి దాటి పోతుంటే శత్రుసైనికులు పక్కకు తొలగి దారి ఇవ్వడం ఆయన బురుజుమీదినుండి కళ్ళారా చూశాడు. కాని చూసినవాడు తానొక్కడే. మహారాణికి నామయ మాట వేదం.

"కేతమ్మా, తాళాలు ఇమ్మంటున్నారు" అన్నాడు తలుపు దగ్గరికి వంగి.

"ఇస్తే ఏమవుతుంది, స్వామీ?"

"రేపటికి ఈ కోట ఉండదు. ఇవ్వకుండా ఉండాలంటే... నాకు మైల లేదనాలి. ఆ మాట నేను అనలేను."

లోపల బిడ్డ ఏడుపు, వాణ్ణి ఊరడించే కేతమ్మ గొంతు వినిపించాయి.

"అనండి" అన్నది కేతమ్మ. "గొడ్రాలన్న మాట ఇన్నేళ్ళు మోశాను. ఇదీ మోస్తాను."

"నిన్నేమంటారో తెలుసునా?"

"తెలుసును. అనలేనంటే తాళాలు వారి మొహాన కొట్టి వచ్చి, మీ బిడ్డను ఎత్తుకోండి. ఎంతసేపు ఎత్తుకుంటారు? ప్రెగ్గడ తలుపు తీసేవరకేనా?"

సూరపోతు తలుపుమీద అరచేయి ఆనించి, బిడ్డను చూడకుండానే వెళ్ళిపోయాడు.

సభలో నామయ ప్రెగ్గడ చేతులు జోడించి తీయగా పలికాడు. "మహారాణీ, దైవం దళవాయిగారిని ముదిమిలో కరుణించింది. మనందరికీ ఆనందమే. కాని అమ్మవారి ఆచారం తప్పితే కోటకు అరిష్టం. మైల తీరేవరకు ఆ భారం ఈ దాసుడు మోస్తాడు."

సూరపోతు తల ఎత్తి అన్నాడు: "మహారాణీ, పురిటి మైల తండ్రికి కదా. ఈ ఉదయం నా ఇంట పుట్టిన బిడ్డకు నేను తండ్రిని కాను."

వెనుక వరుసలో ఎవడో కిసుక్కున నవ్వాడు. మహారాణి మొహం తిప్పుకుని, "తాళపుచెవులు దళవాయి వద్దనే ఉండుగాక" అన్నది. ఆయన కత్తిదెబ్బలు ఎన్నో తిన్నాడు గాని, ఆ నవ్వంత నొప్పి ఏదీ పెట్టలేదు.

మధ్యాహ్నానికి మల్లభూపతి సేన నిచ్చెనలైనా లేకుండా సింహద్వారం వైపు కదలివచ్చింది. తలుపులు తెరిచి ఉంటాయని వారికి మాట అంది ఉన్నది. ఇచ్చిన మాట దక్కించుకోవడానికి దిక్కుతోచని నామయ, ముసుగు తీసి, తన మనుషులతో లోపలినుండే ద్వారంమీద పడ్డాడు. ఉదయం తనను చూసి చెవులు కొరుక్కున్న కావలివాండ్రనే కూడగట్టుకుని, సూరపోతు తలుపులకు వీపు ఆనించి పోరాడాడు. పక్కలో బల్లెం దిగినా చోటు వదలలేదు. తూర్పున సామంతుల భేరీలు మోగేసరికి బయటి సేన చెదిరింది, లోపల నామయ చేతులకు సంకెళ్ళు పడ్డాయి. ద్వారం మాత్రం తెరుచుకోలేదు.

మహారాణి పరుగున వచ్చేటప్పటికి దళవాయి నేలమీద ఉన్నాడు. "నేను గుడ్డిదాననైతిని, నాయకా" అని ఆమె విలపించింది. ఆయన ఆమెను చూడడం లేదు. పురిటి గది విడిచి, గోడలు పట్టుకుంటూ, బిడ్డతో కేతమ్మ వస్తున్నది. జనం ఆమె మొహం చూడలేక పక్కకు తొలిగారు.

ఆమె వంగబోగా సూరపోతు చెయ్యి అడ్డం పెట్టాడు. "ఆగు."

అది విని అక్కడివారు తలలు దించుకున్నారు. చచ్చిపోతూ కూడా వద్దంటున్నాడనుకున్నారు. ఆయన మొలలోని తాళాల గుత్తి విప్పి పూజారివైపు చాచాడు.

"వీటిని కడిగి అమ్మవారి పాదాల దగ్గర పెట్టండి, అయ్యా. పొద్దుటినుండీ మైలతోనే మోశాను. ఆ పాపం కోటది కాదు, నాది."

పూజారి కళ్ళనీళ్ళతో అందుకున్నాడు. అప్పుడు సూరపోతు రెండు చేతులూ చాచి, "ఇప్పుడివ్వు" అన్నాడు.

కేతమ్మ బిడ్డను ఆ చేతులలో పెట్టింది. వాడు ఏడుపు ఆపి కాసేపు చూసి, మళ్ళీ ఏడ్వడం మొదలుపెట్టాడు. ఆ కాసేపే సూరపోతు నాయకుడు తండ్రిగా బతికాడు.